మా విశ్వవిద్యాలయం ఫుట్‌బాల్ మ్యాచ్‌లకు జనాన్ని రప్పించడం ఎలా?

గోల్‌పోస్టు వెనక:

నమస్కారం. హైదరాబాద్‌లోని ఒక విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. రెండో సంవత్సరం చదువుతున్నాను. ఈ ఏడాది ఫుట్‌బాల్ క్లబ్ కార్యదర్శి పని నాకు అప్పగించారు. మోకాలి దెబ్బతో రెండేళ్ల కిందటే ఆట మానేశాను కాబట్టి, మ్యాచ్ జరిగేటప్పుడు గోల్‌పోస్టు వెనక నిలబడి బయటికి వెళ్లిన బంతులు తెచ్చిస్తుంటాను.

గత శనివారం సాయంత్రం నాలుగున్నరకు మా మైదానంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ జట్టుతో ఆడాం. ఎంతమంది వచ్చారో లెక్కపెట్టాను. 23 మంది. వారిలో 9 మంది మా బెంచీ మీది ఆటగాళ్లు, నలుగురు అవతలి జట్టు వెంట వచ్చినవారు, ఇద్దరు మైదానం చుట్టూ నడవడానికి వచ్చిన అధ్యాపకులు. మ్యాచ్ కోసమే వచ్చినవాళ్లు 8 మంది. మా దగ్గర 5,000 మందికి పైగా విద్యార్థులున్నారు. సగానికి మించి హాస్టళ్లలోనే ఉంటారు.

రెండో సగంలో మా కుడి వింగర్, అంటే కుడి అంచున ఆడేవాడు, గోల్ కొట్టాడు. ఉట్నూరు దగ్గర గూడెం నుంచి వచ్చిన కుర్రాడు, ఇక్కడికి వచ్చేదాకా బూట్లు వేసుకుని ఆడి ఎరగడు. పెనాల్టీ బాక్సు బయటి నుంచి ఎడమ కాలితో కొడితే బంతి అడ్డకంబం కింది అంచుకు తగిలి లోపల పడింది. వల చిరిగిన చోటు నుంచి దూరి వచ్చి నా కాళ్ల దగ్గర ఆగింది. వాడు రెండు చేతులూ చాచి గ్యాలరీ వైపు పరుగెత్తాడు. ఆ సిమెంటు మెట్ల మీద ఒక కుక్క పడుకుని ఉంది, మరెవరూ లేరు. సగం దూరం వెళ్లి ఆగిపోయాడు. చేతులు దించుకుని, సాక్సులు పైకి లాక్కుని వెనక్కి వచ్చాడు. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

ఇప్పటివరకు మేం చేసింది ఇది: 200 గోడపత్రికలు అచ్చు వేయించాం. ‘రండి, మన జట్టును ప్రోత్సహించండి’ అని వాటి మీద పెద్ద అక్షరాలతో రాయించాం. 14 వాట్సాప్ గ్రూపుల్లో పెట్టాం. ఇన్‌స్టాగ్రామ్‌లో పేజీ నడుపుతున్నాం, దాన్ని 600 మంది అనుసరిస్తున్నారు. ఫొటోలకు లైకులు బాగానే పడతాయి, మనుషులు మాత్రం మైదానానికి రారు. సెలవు రోజైతే తీరిక ఉంటుందని శనివారం పెట్టుకున్నాం.

డిసెంబరులో దక్షిణ మండల అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు వెళ్లేలోపు సొంత మైదానంలో ఇంకా 5 మ్యాచ్‌లున్నాయి. బంతులకు, రెఫరీలకు పోగా ప్రచారానికి 6,000 రూపాయలు ఖర్చు పెట్టగలను. మా దగ్గర కేరళ, మణిపూర్, మిజోరం విద్యార్థులు చాలామంది ఉన్నారు. వాళ్లకు ఫుట్‌బాల్ అంటే ప్రాణం. అర్ధరాత్రి యూరప్ మ్యాచ్‌లు చూస్తారు, మా మ్యాచ్‌లకు రారు. నేను ఎక్కడ తప్పు చేస్తున్నాను? ఇలాంటి పని చేసినవాళ్లు చెప్పండి.

పాత గోల్‌కీపర్:

తమ్ముడూ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నేను 1988 నుంచి నాలుగేళ్లు ఒక విశ్వవిద్యాలయ జట్టుకు గోల్‌కీపర్‌గా ఆడాను, ఆఖరి ఏడాది నీలాగే కార్యదర్శిని కూడా. చెప్పాల్సినవి చాలా ఉన్నాయి.

మొదట ఆ వల కుట్టించు. చిరిగిన వలలోంచి బంతి బయటికి పోతే, దూరం నుంచి చూసేవాడికి అది గోలో, పక్క నుంచి పోయిందో తెలియదు. బంతి వలలో పడి, వల ఉబ్బి, మళ్లీ వెనక్కి వాలడం కంటికి ఆనందం. మ్యాచ్ చూడటానికి వచ్చినవాడికి ఆ క్షణం దక్కాలి. ఇరవై ఏళ్లు వచ్చేదాకా నేను బతికిందే వల ముందు, అందుకే ఇది మొదట చెబుతున్నాను.

రెండోది, శనివారం వదిలెయ్యి. హాస్టల్ పిల్లలు శనివారం మధ్యాహ్నం భోజనం కాగానే సినిమాకో, బంధువుల ఇంటికో, ఊరికో వెళ్లిపోతారు. మైదానానికి అడుగు దూరంలో అందరూ ఉండే రోజు శుక్రవారం. చివరి తరగతి నాలుగింటికి అయిపోతుంది కదా, 4:15కి మొదలుపెట్టు. నవంబరులో హైదరాబాద్‌లో 5:40కే పొద్దు గుంకుతుంది. పూర్తి 90 నిమిషాలు ఆడితే ఆఖరి పావుగంట బంతి కనిపించదు. స్నేహపూర్వక మ్యాచ్‌లే కాబట్టి అవతలి జట్టుతో, రెఫరీతో ముందే మాట్లాడుకుని 35 నిమిషాల చొప్పున రెండు సగాలు ఆడించు. మధ్యలో 10 నిమిషాల విరామం. 5:35కల్లా అయిపోతుంది. తర్వాత మెస్‌కు వెళ్లడానికి కూడా సమయం సరిపోతుంది. ఒకసారి నిర్ణయించాక రోజూ వేళా మార్చకు. శుక్రవారం నాలుగుంపావు అంటే మ్యాచ్ అని జనానికి అలవాటు కావాలి.

ఇక అసలు సంగతి. ‘మన జట్టు’ అని రాస్తే ఎవరూ రారు. ఎవరి జట్టు అది? చదివినవాడికి అందులో తనవాడు ఒక్కడూ కనిపించడు. మాకు గోడపత్రికలకు డబ్బు ఉండేది కాదు. మెస్ గుమ్మం పక్కన ఆ రోజు వంటకాలు రాసే నల్లబల్ల ఉండేది. వంకాయ కూర, పప్పుచారు, మజ్జిగ అని రాసి ఉన్నదాని కింద సుద్దముక్కతో ఇలా రాసేవాణ్ని: ‘రెండో హాస్టల్ 114వ గది కుర్రాడు ఈ రోజు కుడి వింగ్‌లో ఆడుతున్నాడు. 4:15.’ ప్రతి మ్యాచ్‌కూ ఒక్కడి గురించే. అంతే, 114వ గది ఉన్న వరండాలోని వాళ్లంతా వచ్చేవారు. తమ వరండావాడు ఆడుతుంటే రాకపోవడం వాళ్లకు సిగ్గు. నీ జట్టులో 18 మంది ఉంటే 18 వరండాలున్నట్టే. ఉట్నూరు కుర్రాడి నుంచి మొదలుపెట్టు, కానీ రాసేముందు వాణ్ని అడుగు. బిడియస్తుడైతే ఊరుకో, ఇంకొకరిది రాయి.

మా మెస్‌లో ఒక వంటాయన ఉండేవారు. ఒకసారి మా కెప్టెన్ వెళ్లి ‘మీరు వండింది తినే ఆడుతున్నాం, ఒక్కసారి వచ్చి చూడండి’ అన్నాడు. ఆయన వచ్చారు. తర్వాతి మ్యాచ్‌కు విరామంలో మాకు పెట్టడానికని నిమ్మకాయలు నాలుగేసి ముక్కలుగా కోసి, ఉప్పు అద్ది, స్టీలు బేసిన్‌లో తెచ్చారు. ఆ బేసిన్ ఖాళీ అయ్యాక గరిటెతో వాయించడం మొదలుపెట్టారు. ఆ చప్పుడు రెండు హాస్టళ్లకు వినిపించేది. దాన్ని విని కిటికీల్లోంచి తొంగిచూసి, చెప్పులు వేసుకుని దిగి వచ్చినవాళ్లను నేను గోల్‌లో నిలబడి చూశాను. మెస్‌వాళ్లను, కాపలావాళ్లను, వాళ్ల పిల్లలను పిలువు. విద్యార్థులు రెండేళ్లకు వెళ్లిపోతారు, వాళ్లు అక్కడే ఉంటారు.

నువ్వు ఉన్నది హైదరాబాద్‌లో అని మరిచిపోకు. ఉస్మానియాలో చదువుకుని బడిపంతులుగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ తీర్చిదిద్దిన హైదరాబాద్ పోలీసు జట్టు, బొంబాయిలో 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు గెలిచింది. భారత జట్టును 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకానికి కోచ్‌గా తీసుకెళ్లింది ఆయనే. సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరామ్ ఆ రెండు భారత జట్లలోనూ ఉన్నారు. మా నాన్న ఫతే మైదాన్‌లో ఆ రోజుల మ్యాచ్‌లు చూసినవారు. చివరిదాకా ఆ ఆటగాళ్ల పేర్లు ఇంట్లో మనుషుల పేర్లలా పలికేవారు.

ఈ చరిత్రతో నీకు పని ఉంది కాబట్టే చెబుతున్నాను. రహీం సాబ్ డ్రిబ్లింగ్ (బంతిని కాళ్లతో నడిపించుకుంటూ వెళ్లడం) లేని పోటీలు పెట్టేవారు, బంతిని ఆపకుండా ఒక్క తాకుతోనే అందించేయాలి. బలహీనమైన కాలితోనే ఆడాలనే పోటీలు కూడా పెట్టేవారు. మ్యాచ్‌కు ముందు పావుగంట హాస్టళ్ల మధ్య ఐదుగురేసి జట్లతో ఆ ఒక్క తాకు ఆట పెట్టు. ఆట రానివాడు కూడా ఆడగలడు, చూసేవాళ్లకు నవ్వూ వస్తుంది, మన ఊరి ఆటా బతుకుతుంది. ఆ జట్లవాళ్లు, వాళ్ల స్నేహితులు అసలు మ్యాచ్‌కు అక్కడే ఉండిపోతారు.

గోల్‌పోస్టు వెనక:

సార్, చాలా కృతజ్ఞతలు. శనివారం గురించి మీరు చెప్పింది చదివి, నిన్న హాస్టల్ గేటు దగ్గర బయటికి వెళ్లేవాళ్ల పుస్తకం చూశాను. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య ఏకంగా మూడు పేజీలు నిండాయి. ఇన్నాళ్లూ ఆ పుస్తకం పక్కనుంచే నడిచి మైదానానికి వెళ్లాను. మెస్‌లో నల్లబల్ల ఇప్పటికీ ఉంది.

విజిల్ మేడమ్:

నేను ఒక మహిళా డిగ్రీ కాలేజీలో వ్యాయామ అధ్యాపకురాలిని. బాబూ, మీ 23 మందిలో అమ్మాయిలు ఎంతమంది? మీరు ఆ లెక్క రాయలేదు. రాయలేదంటే ఒకరో ఇద్దరో ఉండి ఉంటారని అనుకుంటున్నాను. మీ విద్యార్థుల్లో సగం మంది రాని చోట జనం లేరని బాధపడితే ఏం లాభం?

అమ్మాయిలు రాకపోవడానికి ఆట మీద ఇష్టం లేకపోవడం కారణం కాదు. నా విద్యార్థినులను అడిగితే వచ్చిన జవాబులు ఇవి: మైదానం దగ్గర మరుగుదొడ్డికి తాళం ఉంటుంది. తిరిగి వచ్చే దారిలో దీపాలు వెలగవు. కూర్చున్నచోట చుట్టూ అందరూ మగపిల్లలే ఉంటారు. మీరు ప్రచారం మొదలుపెట్టే ముందు ఆ తాళంచెవి ఎవరి దగ్గర ఉందో కనుక్కోండి. మా కాలేజీలో అది స్టోరు గదిలో మేకుకు వేలాడుతూ ఉండేది. దాన్ని తీసి నా విజిల్ తాడుకు కట్టుకున్నాను. దీపాల కోసం నాలుగు అర్జీలు పెట్టాల్సి వచ్చింది. పెట్టండి, విసుగు చెందకండి.

మీ విశ్వవిద్యాలయంలో అమ్మాయిల జట్టు ఉందా? ఉంటే వాళ్ల మ్యాచ్ ఎప్పుడు, ఎక్కడ ఆడిస్తున్నారు? ఉదయం ఆరింటికి ఎవరూ లేని వేళ ఆడిస్తుంటే దాన్ని శుక్రవారానికి తెండి. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోతు సౌమ్య ఈ రోజు భారత జట్టుకు ఆడుతోంది. ఆ పేరు చెప్పినప్పుడు మా పిల్లల ముఖాలు ఎలా వెలుగుతాయో నేను రోజూ చూస్తున్నాను.

ఇంకో సంగతి. మీ గ్యాలరీ ఏ దిక్కుకు ఉంది? సాయంత్రం మ్యాచ్‌కు పడమర వైపు చూస్తూ కూర్చోవాలంటే గంటసేపు ఎండ కళ్లలోనే కొడుతుంది. మా మైదానం అలాంటిదే. నేను గ్యాలరీని వదిలేసి, అవతలి వైపు వేపచెట్ల నీడలో పక్కగీతకు మూడు నాలుగు మీటర్ల దూరాన ఒక తాడు కట్టించాను. అందరూ ఆ తాడు వెనకే. 800 మంది పట్టే మెట్ల మీద 60 మంది చెదిరి కూర్చుంటే ఎవరూ లేనట్టే ఉంటుంది. వాళ్లే ఒక తాడు వెంట భుజాలు ఆనించి నిలబడితే మైదానం నిండినట్టుంటుంది. పైగా అంత దగ్గర నుంచి చూస్తే ఆటగాళ్లు ఒకరినొకరు పిలుచుకోవడం, బంతిని తన్నిన చప్పుడు, రొప్పడం అన్నీ వినిపిస్తాయి. టీవీలో మ్యాచ్ చూసేవాళ్లకు అవి ఎప్పుడూ వినిపించవు. మీ మణిపూర్, కేరళ పిల్లలు అర్ధరాత్రి చూసే మ్యాచ్‌ల్లో లేనిది మీ దగ్గర ఉంది, అది ఈ దగ్గరితనం.

తాడుకు, రెండు పెద్ద మంచినీళ్ల డబ్బాలకు మీ 6,000లో వెయ్యి కూడా కాదు.

లీడ్స్ నుంచి:

గుంటూరు వాణ్ని, ఇక్కడ ఇంగ్లండ్‌లో పీజీ చేస్తున్నాను. ఇక్కడి విశ్వవిద్యాలయాల మధ్య పోటీలు చాలావరకు బుధవారం మధ్యాహ్నం జరుగుతాయి. అందుకని చాలాచోట్ల ఆ పూట వీలైనంత వరకు తరగతులు పెట్టరు. మీ డీన్‌ను ఏడాది మొత్తానికి అడగవద్దు. ఆ ఐదు శుక్రవారాలు మూడున్నర తర్వాత ప్రయోగశాల తరగతులు లేకుండా చూడమని, తేదీలు రాసి అడగండి. అడిగేది చిన్నదైతే ఇవ్వడం సులువు.

ఇక్కడ నాకు నచ్చింది మరొకటి ఉంది. ఏటా ఒకే ప్రత్యర్థితో ఒక మ్యాచ్ ఉంటుంది. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి జట్లు 1874లో మొదటిసారి అలా తలపడ్డాయి. ఏడాదంతా మైదానం ముఖం చూడనివాళ్లు కూడా ఆ ఒక్క రోజుకు వస్తారు. హైదరాబాద్‌లో విశ్వవిద్యాలయాలకు కొదవ లేదు. మీ పక్కనున్న ఒకదాన్ని ఎంచుకుని, ఒక ఏడాది వాళ్ల దగ్గర, ఒక ఏడాది మీ దగ్గర అని ఒప్పందం చేసుకోండి. వాళ్ల విద్యార్థులు రావడానికి ఒక బస్సు ఏర్పాటు చేయించండి. అవతలి వాళ్లు అరిస్తేనే మనవాళ్ల గొంతు పెగులుతుంది.

మలప్పురం తెలుగువాడు:

నాన్నగారి ఉద్యోగం వల్ల కేరళలోని మలప్పురంలో పెరిగాను. అక్కడ వేసవిలో కోతలైన పొలాల్లో సెవెన్స్ ఆడతారు, జట్టుకు ఏడుగురు. తాత్కాలికంగా కట్టిన గ్యాలరీల మీద వేలమంది కూర్చుంటారు. ఆ పూట మ్యాచ్ ఉందని జీపుకు మైకు కట్టి ఊరంతా చెప్పుకుంటూ వెళ్తారు. బడి నుంచి వచ్చేటప్పుడు ఆ జీపు వెనక పరుగెత్తినవాణ్ని నేను.

కేరళ విద్యార్థులను ప్రేక్షకులుగా రమ్మనకండి, పని అప్పగించండి. డోలు వాళ్లకు ఇవ్వండి. మైకు ఒకటి అద్దెకు తెచ్చి, వ్యాఖ్యానం ఒక సగం మలయాళీకి, ఒక సగం మణిపూర్ వాళ్లకు, మధ్యమధ్య తెలుగులో చెప్పేవాడికి ఇవ్వండి. ఆటగాడి పేరు మైకులో వినిపిస్తే అతనెవరో కొత్తగా వచ్చినవాడికీ తెలుస్తుంది. ఒక్క జాగ్రత్త: అవతలి జట్టును, రెఫరీని మైకులో ఒక్క మాట కూడా అననివ్వకండి. అంటే మళ్లీ ఎవరూ మీతో ఆడటానికి రారు.

గోల్‌పోస్టు వెనక:

మూడు వారాల తర్వాత రాస్తున్నాను. మొన్న శుక్రవారం, 4:15.

112 మంది వచ్చారు. బెంచీ మీది ఆటగాళ్లను, అవతలి వారిని ఈసారి లెక్కలో కలపలేదు. వారిలో 31 మంది అమ్మాయిలు. విజిల్ మేడమ్ గారూ, మీ అంచనా నిజమే, ఆ రోజు వచ్చింది ఒక్క అమ్మాయి, అదీ తమ్ముడి సంచి ఇచ్చి వెళ్లడానికి. తాళంచెవి భద్రతా కార్యాలయంలో దొరికింది. దారి దీపాలకు అర్జీ పెట్టాం, ఇంకా వెలగలేదు. అందుకని ఆట అయ్యాక మేమే పది మందిమి ఫోను దీపాలతో హాస్టల్ దాకా తోడు వెళ్లాం. అమ్మాయిల జట్టుకు పదకొండు మంది కుదరలేదు, ఏడుగురేసి ఆడారు. అందరికంటే ఎక్కువ అరుపులు ఆ ఆటకే వచ్చాయి.

అన్నీ సవ్యంగా జరగలేదు. మైకు బ్యాటరీ ఇరవై నిమిషాలకే అయిపోయింది. ఒక్క తాకు ఆటకు నాలుగు హాస్టళ్లలో రెండే వచ్చాయి. తరగతుల గురించి డీన్ నుంచి ఇంకా జవాబు రాలేదు. మ్యాచ్ 1-2 తేడాతో ఓడిపోయాం.

నల్లబల్ల మీద పేరు రాయడానికి మా వింగర్ మొదట ఒప్పుకోలేదు. గది నంబరు మాత్రం రాయమన్నాడు. వాడి వరండా మొత్తం దిగి వచ్చింది. ఆఖరి నిమిషాల్లో గోల్‌కీపర్ ఒక్కడే ఎదురుగా ఉండగా వాడు బంతిని కంబం పక్కకు కొట్టాడు. తాడు వెంట ఉన్నవాళ్లంతా ఒక్కసారిగా ‘అయ్యో’ అన్నారు. నేను పరుగెత్తి బంతి తెచ్చేసరికి వాడు ఇంకా అక్కడే నిలబడి తాడు వైపు చూస్తున్నాడు. రాత్రి భోజనాల దగ్గర అడిగితే, ‘అన్నా, నేను గోల్ తప్పితే అంతమందికి బాధ కలుగుతుందా?’ అన్నాడు.

పాత గోల్‌కీపర్ సార్, వల సంగతి. కొత్తది కొనాలంటే మా డబ్బు సరిపోదు. మెస్‌లో వడ్డించే పెద్దాయనతో మాటల్లో ఆ మాట అన్నాను. ఆయనది భీమిలి దగ్గర చేపలు పట్టే కుటుంబమట. గురువారం సాయంత్రం నైలాను దారం తెచ్చుకుని వచ్చి, నేల మీద కాళ్లు చాపుకుని కూర్చుని, చిరిగిన కన్నాలన్నీ బొటనవేలితో కొలిచి ముడులు వేసుకుంటూ పోయారు. చీకటి పడేలోపు అయిపోయింది. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు, మ్యాచ్ ఎన్ని గంటలకని అడిగారు. శుక్రవారం నాతోపాటు గోల్‌పోస్టు వెనక నిలబడ్డారు. మా వాళ్లు కొట్టిన ఆ ఒక్క గోలూ ఆ వలలోనే పడింది. అందరూ ఆటగాళ్ల వైపు చూస్తుంటే ఆయన వంగి ముడులు పట్టి చూసుకున్నారు. ఒక్కటీ ఊడలేదు.